మిరపకాయపై నల్ల చుక్క

ఈ సంవత్సరము మాఘమాసములో నొకనాటి యుదయమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన సంచిలోనుండి యొక మిరపకాయను దీసి నా బల్లపై నుంచెను. కాయ పండి యెఱ్ఱగా నున్నది. కాని నడుమ నొకచోట బొటనవ్రేలి గోరంత మేర లోనికి గ్రుంగి, గడ్డిరంగునకు మాఱి, దానిపై నల్లని చుక్కలు వలయములుగా నేర్పడి, ముగ్గు పెట్టినట్లుండెను.

"అయ్యా! మా చేనిలో నిట్టి కాయలు విస్తారముగా గలవు. ఇది వర్షము వలన వచ్చిన చేటని మా తాతగారు చెప్పుచున్నారు. విత్తనముల దుకాణమువాడు మోసము చేసెనని మా నాన్నగారు చెప్పుచున్నారు. ఎవరి మాట నిజము?" అని యాతడు నన్నడిగెను.

నేను వెంటనే యుత్తరము చెప్పజాలకపోతిని. ఆ తెగులు పేరు నే నెఱుగక కాదు. అదే ప్రశ్న మా యింట దాదాపు ఇరువది సంవత్సరములు నిలిచి, మంచివారగు నిద్దఱు బంధువులను విడదీసి యుండుటచే నా నోట మాట రాలేదు. ఆ కథను, ఆ ప్రశ్నకు శాస్త్రము కాలక్రమమున నిచ్చిన యుత్తరమును, మన సంచికను చదువు విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుట మంచిదని తోచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మాది గుంటూరు జిల్లాలోని మిరప పండు నేల. మిరప యీ దేశమున బుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసు వర్తకుల వెంట వచ్చినది. అయినను మా వైపు మిరప లేని కూరయు లేదు, మిరపకై చేయని యప్పును లేదు. ఆడపిల్ల పెండ్లి, పిల్లవాని చదువు, ఇంటి పైకప్పు, అన్నియు కల్లములో నెండుచున్న కాయపైననే యాధారపడి యుండును. నే నీ పాఠశాలలో జదువుకొనుచుండగా నా వసతిగృహపు రుసుము ప్రతి సంవత్సరమును సంక్రాంతి దాటిన పిమ్మటనే చెల్లుచుండెడిది. అప్పటికి గాని మా మొదటి కోత గుంటూరు యార్డునకు చేరెడిది కాదు.

మా నాన్నగారు విత్తనము కొనెడివారు కారు. చేనిలో బలమైన చెట్లను ముందుగనే గుఱుతు పెట్టి, వానినుండి నిండైన, మచ్చలేని పండుకాయలను తమ చేతితోనే యేఱి, వేఱుగా నెండబెట్టి, గింజ తీసి, బూడిద కలిపి, మట్టికుండలో బోసి, మూతికి గుడ్డ గట్టి యటకపై నుంచెడివారు. ఆ కుండను మా అమ్మ సహితము ముట్టరాదు. "మనిషి మాట తప్పవచ్చును గాని విత్తనము తప్పదు" అని వారు తఱచుగా ననుచుండెడివారు. ఊరిలో పలువురు వారి విత్తనము కొఱకు వచ్చెడివారు. అది వారికి గర్వకారణమై యుండెను.

1998వ సంవత్సరమున మా మేనత్తగారి భర్త, అనగా మా మామయ్యగారు, మా యూరికి వచ్చి, రెండెకరములకు జాలునంత విత్తన మిమ్మని యడిగిరి. నాన్నగారు సంతోషముతో కుండ దింపిరి. వెల పుచ్చుకొనలేదు. "చెల్లెలి యింటికి విత్తన మమ్ముకొందునా బావా?" అనిరి. మామయ్యగారు గింజలను తువ్వాలులో మూటగట్టి, యా మూటను సైకిలునకు దగిలింపక, చేతితోనే పట్టుకొని పోవుట నాకు నేటికిని జ్ఞాపకమున్నది.

ఆ యేడు నారు బాగుగా మొలిచినది. మొక్క బాగుగా పెరిగినది. పూత నిలిచినది. కాయ పచ్చిగా నున్నంతకాలము రెండు చేలలోను చెప్పుకొనదగిన చీడ లేదు. కాయ పండనారంభించిన పిదప అకాలవర్షము మూడు దినములు విడువక కురిసినది. వర్షము వెలిసిన వారము లోపలనే మామయ్యగారి చేనిలో పండుకాయలపై నల్లచుక్కలు లేచినవి. కొమ్మల చివరలు పైనుండి క్రిందికి ఎండసాగినవి. మా చేనిలోను తెగులు కనబడెను గాని తక్కువగా నుండెను. ఏలయనగా మా నేల యెత్తుగా నుండుటచే నీరు నిలువలేదు, మొదటి కోతయు వర్షమునకు ముందే జరిగినది.

రంగు పోయి తెల్లబడిన కాయను మావారు తాలుకాయ యందురు. తాలుకాయకు యార్డులో వచ్చు వెల మంచికాయ వెలలో కొంత మాత్రమే. మామయ్యగారి కల్లములో నెఱ్ఱని కుప్ప కన్న తాలుకుప్పయే పెద్దదయ్యెను. నాన్నగారు సంగతి విని, నన్ను వెంటబెట్టుకొని యచటికి బోయిరి. నేనప్పుడు తొమ్మిదవ తరగతి విద్యార్థిని. కల్లముపై జరిగిన సంభాషణము నా చెవులలో నింకను మ్రోగుచున్నది.

"బావా, ఈ తెగులు నీ కుండలోనుండియే వచ్చినది. నీ విత్తనము కాక నేను వేఱు గింజ వేయలేదు" అని మామయ్యగారనిరి.

"నా చేతితో నేఱిన కాయ బావా అది. మచ్చ యున్నచో నా కంటికి కనబడకుండునా? నీ చేనిలో నీరు నిలిచినది. నీ యశ్రద్ధను దెచ్చి నా విత్తనముపై వేయవలదు" అని నాన్నగారనిరి.

మేనత్తగారు లోపలినుండి మజ్జిగ తెచ్చిరి. నాన్నగారు త్రాగక లేచిరి. అంతటితో రెండిండ్లకును రాకపోకలు నిలిచిపోయినవి.

ఆ సంవత్సరము మామయ్యగారు ఒక యెకరమును తనఖా పెట్టవలసివచ్చెను. వారి పెద్దకుమార్తె, నా యీడుది, లెక్కలలో నా కన్న నెంతయో మిన్న, తొమ్మిదవ తరగతితోనే చదువు మానెను. ఆమె పెండ్లి శుభలేఖ మా యింటికి వచ్చినప్పుడు నాన్నగారు దానిని చదివి, మడిచి, యటకపై విత్తనపు కుండ ప్రక్కన బెట్టిరి. పెండ్లికి మా అమ్మ యొక్కతెయే పోయి వచ్చినది.

నేను కళాశాలలో జేరి వృక్షశాస్త్రము చదువుచుండగా నొకనాడు మా యుపన్యాసకులు తెగులు తగిలిన మిరపకాయనుండి చిన్న ముక్క గోసి సూక్ష్మదర్శిని క్రింద నుంచిరి. కంటికి చుక్కగా నగపడినది నిజమునకు చుక్క కాదు. నల్లని ముండ్లవంటి వెండ్రుకలు నిలిచిన చిన్న మెత్త. ఆ వెండ్రుకల మొదళ్ళలో కొడవలివలె వంగిన సన్నని బీజములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వర్షపు చినుకు పడగానే యీ బీజములు చిట్లిన నీటితో కూడ ప్రక్క కాయపై బడును. అచట మొలకెత్తి, నల్లని గట్టి బిళ్ళవంటి యొక యంగమును నిర్మించుకొని, దాని యాధారమున కాయ తోలును దొలుచుకొని లోనికి బోవును. ఇది శిలీంధ్రము, అనగా బూజుజాతికి జెందిన జీవి. మావారు కాయకుళ్ళు, కొమ్మెండు అను రెండు పేర్లతో బిలుచునది యీ యొక్క జీవి చేయు పనియే.

దీని పేరునకును పెద్ద కథ కలదు. 1913లో సిడో అను శాస్త్రజ్ఞుడు నాటి మదరాసు రాజధానిలోని కోయంబత్తూరునుండి లభించిన మిరపకాయలపై దీనిని గుర్తించి వర్ణించెను. 1931లో బట్లరు, బిస్బీ అను నిరువురు దీనికి కొల్లెటోట్రైకమ్ క్యాప్సిసి యను పేరును స్థిరపఱచిరి. నేను పరీక్షలో వ్రాసినది యీ పేరే. కాని 1832లోనే అమెరికాలో ష్వైనిట్జ్ అను మొరేవియను సంఘపు బోధకుడు వర్ణించిన యొక శిలీంధ్రమును, మన మిరపపై నున్న శిలీంధ్రమును ఒకే జాతివని 2009లో శాస్త్రజ్ఞులు ఆకారమును, డి. ఎన్. ఎ. ను పోల్చి తేల్చిరి. నాటినుండి దీని పేరు కొల్లెటోట్రైకమ్ ట్రంకాటమ్. ఇది మిరపనే కాక సోయాచిక్కుడు మొదలగు కాయజాతి పైరులను గూడ బట్టును. ఇదే కుటుంబములోని మఱికొన్ని జాతులును మిరపకు నిట్టి తెగులునే తెచ్చును. పైచూపునకు వీనిని వేఱుచేయుట మిక్కిలి కష్టము.

ఈ తెగులు విత్తనము ద్వారా వ్యాపింపగలదని మా పుస్తకములో నొక వాక్యముండెను. నేనా వాక్యమును చదివి, దాని క్రింద గీత గీచి, పుస్తకమును మూసివేసితిని. మచ్చ యున్న కాయలోని గింజకు తెగులుండవచ్చును; మా నాన్నగారేఱినవి మచ్చలేని కాయలు గదా, అని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని. తండ్రి తప్పును పుస్తకము పట్టిచ్చినను కుమారుడు చూడ నిచ్చగింపడు.

పిదప నేనీ పాఠశాలలోనే యుపాధ్యాయుడనైతిని. 2017వ సంవత్సరము ఆగస్టు నెలలో ప్లోస్ వన్ అను శాస్త్రపత్రికలో నొక పరిశోధన ప్రకటింపబడెను. హైదరాబాదులోని డి. ఎన్. ఎ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రమునకు జెందిన సౌమ్యా రావు, మధుసూదన్ నందినేని అనువారు భారతదేశపు మిరపనుండి వేఱుచేసిన కొల్లెటోట్రైకమ్ ట్రంకాటమ్ యొక్క జీనోమును సాంతముగా జదివి వెల్లడించిరి. ఆ పత్రిక యెల్లరకును వెల లేకుండ లభించునది. నేను దానిని పలు రాత్రులు మెల్లమెల్లగా చదివితిని. అందలి విషయము మన విద్యార్థులకు బోధపడునట్లు చెప్పెదను.

ప్రతి జీవియు తన దేహమును నిర్మించుకొను విధమును, ఆహారమును సంపాదించు విధమును డి. ఎన్. ఎ. అను పొడవైన దారములో వ్రాసికొని యుంచుకొనును. ఆ వ్రాతలో నక్షరములు నాలుగే: ఎ, టి, జి, సి. ఆ యక్షరములన్నియు కలసిన మొత్తము గ్రంథమునకే జీనోమని పేరు. గ్రంథములో నొక్కొక్క పనిని గూర్చి చెప్పు భాగము జన్యువు. రొట్టెల పిండిని పులియజేయు ఈస్టు అను శిలీంధ్రము యొక్క గ్రంథము 1996లో సంపూర్ణముగా జదువబడినది. అందు సుమారు 1 కోటి 20 లక్షల యక్షరములు గలవు. మన మిరప శిలీంధ్రపు గ్రంథములో సుమారు 5½ కోట్ల యక్షరములు గలవు. పుటకు 2,000 అక్షరముల చొప్పున అచ్చు వేసినచో 27,500 పుటలు, అనగా 500 పుటల సంపుటములు 55 కావలసి యుండును. దాని చేత జిక్కిన మిరప మొక్క గ్రంథము 2014లో వెలువడినది. అందలి యక్షరములు సుమారు 350 కోట్లు. మానవుని గ్రంథములో నున్నవి సుమారు 310 కోట్లు. గ్రంథము పెద్దదైనంత మాత్రమున గెలుపు కలుగదని దీనివలన దెలియుచున్నది.

ఇంత గ్రంథమును మొదటినుండి తుదివరకు నొక్క వరుసలో జదువుట సాధ్యము కాదు. శిలీంధ్రమును శుద్ధముగా బెంచి, దాని డి. ఎన్. ఎ. ను దీసి, చిన్నచిన్న ముక్కలుగా జేసి, యొక్కొక్క భాగమును పలుమాఱులు చదువుదురు. ముక్కల యంచులు ఒకదానితో నొకటి యెచట కలియుచున్నవో గణనయంత్రము చూచి వానిని వరుసగా గూర్చును. మన భాషలో నిట్టి పని పూర్వమే జరిగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు వేమన పద్యములను, కావ్యములను ఉద్ధరించునపుడు ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులను దెప్పించి, పండితులచే పోల్చి చూపించి, పాఠమును నిర్ణయింపజేసిరి. ఒక ప్రతిలో చెడిన చోటు మఱియొక ప్రతిలో నిలిచి యుండును. ఒక లేఖకుని పొరపాటు మఱియొకని వ్రాతచే బయటపడును. జీనోము చదువుటలోని రహస్యమును నిదియే: పలు ప్రతులు, ఓపికగల పోలిక.

అక్షరములను జదివినంతనే యర్థము తెలియదు. ఏ భాగము జన్యువో, ఆ జన్యువు చేయు పని యేమో కనుగొనవలయును. ఇందుకై శాస్త్రజ్ఞులు శిలీంధ్రము వాస్తవముగా వాడుకొనుచున్న జన్యువుల నకళ్ళను గూడ జదివిరి. ఇతర శిలీంధ్రముల గ్రంథములతోను పోల్చిరి. అప్పుడు వారికి గనబడినది యొక యాయుధశాల. మొక్క కణముల గోడలను గరగించు రసములు, మాంసకృత్తులను ఛేదించు రసములు, మొక్క యొక్క రక్షణశక్తిని మోసపుచ్చుటకై వెలికి విడుచు చిన్న ప్రోటీనులు, విషపదార్థములను దయారుచేయు జన్యువుల గుంపులు, ఇవన్నియు విస్తారముగా నున్నవి. ఇట్టి సామగ్రిలో ఫ్యుజేరియము జాతుల తరువాతి స్థానము దీనిదే యని వారు వ్రాసిరి.

అయినను నా చేతిలోని కాగితము వణకినది యీ యాయుధముల జాబితా చూచి కాదు. వ్యాసపు మొదటి పుటలోనే యున్న యొక వాక్యము చూచి. ఈ కుటుంబములోని పెక్కు జాతులు మొక్క కణముల లోనికి జొచ్చి జీవించును. కాని మిరపపై నీ జాతి పద్ధతి వేఱు. ఇది కాయ పైనున్న మైనపుపొర క్రింద, కణముల గోడల నడుమ, చెదపురుగు మట్టిగోడలో దిరిగినట్లు తిరుగును. అట్లు తిరుగుచున్న కొంతకాలము కాయపై నే గుఱుతును గనబడదు. కాయ యారోగ్యముగా, నిగనిగలాడుచు నుండును. లోపల శత్రువుండును. ఆ పిమ్మటనే మచ్చ.

అనగా మచ్చలేని కాయ యనునది తెగులు లేని కాయ యని రూఢిగా జెప్పుటకు వీలులేదు. మా నాన్నగారు ఏ పరీక్షను నమ్మి యిరువది సంవత్సరములు తలయెత్తుకొని యుండిరో, ఆ పరీక్షయే చాలనిది.

2018 సంక్రాంతి సెలవులలో నేనింటికి బోయి, భోజనమైన పిదప, వరండాలో గూర్చుండి యీ సంగతి యంతయు వారికి జెప్పితిని. వారు నడుమ నొక్క మాటయు ననలేదు. నేను ముగించిన తరువాత, "అట్లయిన ఆనాడు నా కుండలో నది యుండెనా?" అని యడిగిరి.

"ఉండెనని చెప్పజాలను నాన్నగారూ. ఆనాటి గింజ యొక్కటియు మిగిలి యుండలేదు. జీనోము జదివినవారును ఆ సంవత్సరపు సంగతికి సాక్ష్యము చెప్పజాలరు. తెగులు పాత మోళ్ళనుండి రావచ్చును, గట్టుపై పైరునుండి రావచ్చును, ప్రక్క చేనినుండి రావచ్చును."

"మచ్చలేని కాయలోని గింజలో నుండవచ్చునా?"

"ఉండవచ్చును."

వారు చాలసేపు వాకిలి వైపు చూచుచుండిరి. మఱునాటి యుదయమున తలంటుకొని, ఉతికిన పంచె గట్టి, నన్ను గూడ రమ్మని, మొదటి బస్సునకు బయలుదేరిరి.

మామయ్యగారి జుట్టు పూర్తిగా నెరసినది. వారు మమ్ము జూచి మంచముపైనుండి లేచి నిలువబడిరి. నాన్నగారు కూర్చుండక, నిలువబడియే, "బావా, నా విత్తనములో తెగులుండి యుండవచ్చును. ఉండదని నేనానాడు ప్రమాణము చేసినట్లు మాటలాడితిని. అది నాకు దెలియని సంగతి. తెలిసినట్లు చెప్పితిని. నీ వశ్రద్ధ చేసితివని కూడ నంటిని" అని చెప్పిరి.

మామయ్యగారు కొంతసేపటికి, "నా గట్టుమీద చిక్కుడు పాదులుండెను. నీరును నిలిచినది నిజమే. నీ విత్తనమో, నా నేలయో, ఎవరికి దెలియును? ఆనాడు కల్లముమీద 'కావచ్చును బావా' అని యొక్క మాట యన్నచో చాలియుండెడిది గదా" అనిరి. మేనత్తగారు లోపలినుండి మజ్జిగ తెచ్చిరి. ఈమాఱు నాన్నగారు త్రాగిరి.

ఇంతటితో నన్నియు సరిపోయినవని వ్రాసినచో నది యసత్యమగును. తనఖా పోయిన యెకరము తిరిగి రాలేదు. నా మేనమఱదలి చదువు తిరిగి రాలేదు. ఆమె యా దినము పండుగకు పుట్టింటికి వచ్చియుండెను. మా మాటలన్నియు గుమ్మములో నిలువబడి విని, నా వైపు తిరిగి, "దాని పుస్తకమంతయు జదివితిరి గదా, గింజ నేలలో బడకముందే యందు తెగులున్నదో లేదో చెప్పగలరా?" అని యడిగెను. ఆ వ్యాసమును గూర్చి నన్నడిగినవారిలో నంత సూటిగా నడిగినవారు మఱియొకరు లేరు.

ఆమెకు నేను చెప్పిన యుత్తరమునే ఇచట గూడ వ్రాయుచున్నాను. జీనోము జదివినంత మాత్రమున మందు పుట్టదు. కాని శత్రువు గ్రంథములో నితరుల గ్రంథములలో లేని వాక్యములు దెలిసినచో, ఆ వాక్యమును మాత్రమే వెదకు పరీక్షను గల్పింపవచ్చును. అట్టి డి. ఎన్. ఎ. పరీక్షచే గింజలో దాగిన శిలీంధ్రమును కంటికి గనబడకముందే పట్టవచ్చును. ఒకే రూపము గల జాతులను వేఱుచేయవచ్చును. ఏ యాయుధము లేనిచో శిలీంధ్రము కాయలోనికి జొరజాలదో తెలిసినచో, దానికి దగిన మందును వెదకువారికిని, తట్టుకొను వంగడమును సృష్టించువారికిని దారి చూపినట్లగును. ఆ పని యొక్క దినమున ముగియునది కాదు. అంతవరకు రైతు చేయదగినవి పాతవే: తెగులు లేని చేనినుండియే విత్తనము తీయుట, విత్తుటకు ముందు విత్తనశుద్ధి చేయుట, తెగులు తగిలిన కాయలను, మోళ్ళను చేనిలో విడువక యేఱివేయుట, నీరు నిలువనీయకుండుట, పైరు మార్చుట, పండినకాయను చెట్టుమీద నుంచక కోసి బాగుగా నెండబెట్టుట. ఇప్పుడు వీనిలో నొక్కొక్కటి యేల చేయవలయునో మనకు దెలిసినది. కారణము దెలిసి చేయు పనిని మనుష్యుడు మధ్యలో విడువడు.

నాన్నగారిప్పుడు విత్తనమును మందుతో శుద్ధి చేయకుండ నారు పోయరు. ఎవరైనను విత్తన మడిగినచో నిచ్చుచున్నారు గాని, "నా కంటికి బాగుగనే యున్నది, శుద్ధి చేసి పోసికొనుడు" అని చెప్పి మఱియు నిచ్చుచున్నారు. మనిషి తప్పును గాని విత్తనము తప్పదను మాటను వారి నోట నేను మరల వినలేదు.

ఇక నా బల్లపై మిరపకాయ నుంచిన విద్యార్థి సంగతి. నేనాతనికి తీర్పు చెప్పలేదు. "మీ తాతగారు చెప్పిన వర్షము తెగులును వ్యాపింపజేయును గాని పుట్టింపదు. మీ నాన్నగారు చెప్పిన విత్తనము దానిని మోసికొని రావచ్చును. కాని యమ్మినవాని కన్నులకును అది కనబడి యుండకపోవచ్చును. దుకాణపు గింజలేమైనను మిగిలినవా?" అని యడిగితిని. పొట్లములో గొన్ని మిగిలినవని చెప్పెను. మఱునాడు వానిని దెచ్చెను. వానితోబాటు, నేనడుగకయే, తమ యింట దాచిన పాత విత్తనమును గూడ నొక పొట్లముగా దెచ్చెను. "రెండింటిని చూడవలయును గదా, అయ్యా" అనెను.

మన ప్రయోగశాలలో రెండు గాజుపళ్ళెములలో తడి యద్దుడు కాగితములు పఱచి, రెండు విధముల గింజలను వేఱువేఱుగా వరుసలు దీర్చి, మూతలు పెట్టి, పేర్లు వ్రాసితిమి. వారము దినములు గడచిన పిదప భూతద్దముతో జూడవలయును. గింజపై నల్లని వెండ్రుకలు గల చుక్కలు లేచినచో, దాని బీజములను సూక్ష్మదర్శిని క్రింద నుంచి పరిశీలింపవలయును. తరగతిలోని విద్యార్థులందఱును ప్రతి దినము వచ్చి, మూత తీయకుండ, వంగి చూచి పోవుచున్నారు.

ఈ సంచిక అచ్చునకు బోవు నాటికి నాలుగు దినములు మాత్రమే గడచినవి. ఫలిత మింకను దెలియలేదు. ఆ బాలుని తండ్రిగారు నిన్న పాఠశాలకు వచ్చి, రెండు పళ్ళెములను చూచి, "మా యింటి గింజపైననే లేచినచో?" అని నన్నడిగిరి. నేను మాటలాడకముందే వారి కుమారుడు, "కావచ్చును నాన్నా, చూతము" అని చెప్పెను.